ఎనిమిదో మేక

ప్రభుత్వానికి నేను పంపిన నివేదిక నలభై రెండు పేజీలు. ఎన్ని మేకలకు మందు పట్టించామో అందులో ఉంది. ఎన్ని బతికాయో ఉంది. ఏ ఆవు ముక్కును ఏ తేదీన గుడ్డతో తుడిచామో కూడా ఉంది. ఒక్క సంగతి మాత్రం లేదు. దాన్ని రాయాల్సింది నేనే, దాచిందీ నేనే.

నాకు అనుమానం ఎక్కువని ఇంటా బయటా పేరు. పాలవాడు పాలు పోస్తుంటే నీళ్లెన్ని అంటాను. బస్సు టైముకు వస్తే ఏదో తేడా ఉందంటాను. "అనుమానం పెనుభూతం అంటారు. మా ఇంట్లో ఆ భూతానికి గవర్నమెంటు ఉద్యోగం కూడా ఉంది" అని మా ఆవిడ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. పశువుల డాక్టరుకు ఆ గుణం పనికొచ్చేదే. జబ్బుపడ్డ మేక నోరు తెరిచి చెప్పదు. దాన్ని పెంచేవాడు తెరిచినా సగమే చెబుతాడు. మిగతా సగం అనుమానంతోనే లాగాలి. ఇరవై ఏళ్లుగా అలా లాగుతూ వచ్చిన ఈ సింహాచలం, అసలైన అనుమానం వచ్చిన రోజున మాత్రం నోరు కుట్టేసుకున్నాడు.

నేరేడుపుట్టు కొండ మీది ఊరు. ముప్ఫై ఎనిమిది గడపలు. ప్రతి ఇంటికీ ఒకటే సాల ఉంటుంది. అందులోనే ఒక పక్క ఆవులు, వాటి కాళ్ల దగ్గర మేకలు, అటక మీద కోళ్లు, గోడవతల పంది. మేకల్ని మేపడానికి వంతులున్నాయి. ఇవాళ ఒక ఇంటివాళ్లు ఊరి మేకలన్నిటినీ కొండకు తోలుకుపోతే, రేపు పక్కింటివాళ్లు. అంటే ఒక మేక తుమ్మితే ఊరి మేకలన్నిటికీ అందినట్టే.

మూడేళ్ల కిందట పారుడు రోగం అలాగే వచ్చింది. ముక్కు కారడం, నోరు పూయడం, పారుకోవడం, అయిదో రోజున చావడం. మూడు వందల చిల్లర మేకల్లో అరవై మిగిలాయి. రోగం పైకి తేలడానికి రెండు రోజుల ముందే పాంగి గురుబారి అనే ముసలావిడ నా దగ్గరికి వచ్చి, "మేకల ఊపిరి మారిపోనాది బావూ. నానిన తోలు కంపు కొడతంది" అని చెప్పింది. నేను జ్వరం చూశాను. లేదు. ఆవిడ ఏదో ఆశించి అలా అంటోందని అనుమానించాను. ఆ రెండు రోజుల్లో టీకా వేసి ఉంటే సగం మంద బతికేది.

గురుబారికి రెండు కళ్లలోనూ పువ్వులు, చూపు ఆనదు. ఆపరేషనుకు రమ్మంటే రాదు. ఆవిడకు మనుషులూ పశువులూ అందరూ వాసనలే. నా పంటి నొప్పికి నేను ఎప్పుడూ బుగ్గన లవంగం పెట్టుకుంటాను. అందుకని నేను గుమ్మం దగ్గర నోరు విప్పకముందే "లవంగం బావు వొచ్చినాడు, పీట ఎయ్యే" అని కోడలు ధనమతికి చెప్పేది.

"గొంతుతో పోల్చుకోవచ్చు కదమ్మా, వాసన దాకా ఎందుకు?" అని ఒకసారి ఆటపట్టించాను.

"గొంతా?" అంది. "ఓపాలి ఒకడు మా తమ్ముడి గొంతెట్టుకుని వొచ్చి, అక్కా పోతుని ఇప్పెయ్యి, దేవుడికి మొక్కున్నాదన్నాడు. నాను రొంపతో ఉన్నాను, ముక్కు పని సెయ్యనేదు. ఇప్పి ఇచ్చేసినాను. గొంతు ఎవులైనా ఎట్టుకుంటారు బావూ. వాసన ఎట్టుకోనేరు."

ఆ ఊరికి నిరుడు కార్తీకంలో డాక్టర్ కాత్యాయని వచ్చారు. పరిశోధనశాలకు పెద్ద, మా అందరికీ పై అధికారి. పన్నెండేళ్లు ఒకే పని మీద ఉండి సోకే టీకాను తయారు చేశారు. కొండల మీద ప్రతి మేకనూ పట్టుకుని సూది వెయ్యడం అయ్యే పని కాదు. ఒకదానికి వేస్తే అదే ఊపిరితో మిగతావాటికి అంటించాలి. జబ్బు ఎలా పాకుతుందో మందూ అలాగే పాకాలి. అదీ ఆవిడ ఆలోచన.

అలా పాకేది ఎక్కడ ఆగుతుందని ఊరు అడిగింది. కాత్యాయనిగారు సంచిలోంచి ఎర్ర నూలుపోగు తీశారు. దానికి ఏడు ముడులున్నాయి. పక్కనున్న ఆడవాళ్లను వరసగా నిలబెట్టి, పోగు ఒకరి చేతిలోంచి ఒకరి చేతికి మారినప్పుడల్లా కత్తెరతో ఒక ముడి కత్తిరించారు. ఏడో ఆవిడ చెయ్యి దాటేసరికి పోగు లేదు.

"మందు లోపల ఇలాంటి పోగే ఉంటుంది. మేక మారినప్పుడల్లా ఒక ముడి తెగుతుంది. ఏడో మేకతో సరి. అందుకే ముప్ఫై మేకలకే ముక్కులో కొడతాం. మిగతావాటికి అవే ఇచ్చుకుంటాయి" అన్నారు.

అందరూ తలలూపారు. గురుబారి మాత్రం ఊపలేదు. "ఎనిమిదో మేక ఏటవుద్దమ్మా?" అంది.

"ఎనిమిదో మేకకు వెళ్లదమ్మా."

"ఎల్లకూడదని దానికెవులు సెప్పినారు?"

ఊరంతా నవ్వింది. కాత్యాయనిగారూ నవ్వారు. నేను నవ్వలేదు, కానీ అది ముసలావిడ మీద గౌరవంతో కాదు. ఆ నూలుపోగును నేనూ మొదటినుంచీ అనుమానిస్తున్నాను. ఆవిడ అడిగింది నా ప్రశ్న.

మార్గశిరంలో పక్క కొండ మీద పారుడు రోగం దిగింది. వారం రోజుల్లో అక్కడ వంద మేకలు పోయాయి. ఆ మంద, మన మంద ఒకే వాగులో నీళ్లు తాగుతాయి. అయినా మందు కొట్టిన నేరేడుపుట్టులో ఒక్క మేక దగ్గలేదు. కాత్యాయనిగారు ఫోనులో ఆనందంతో ఏడ్చినంత పని చేశారు. ఊళ్లో మా ఇద్దరికీ ఎర్ర కోడిని కోసి పెట్టారు. నేను తింటూనే, ఇల్లు అలకగానే పండగ కాదు అనుకున్నాను. పైకి అన్నాను కూడా. "మీరొకరు" అని కాత్యాయనిగారు విసుక్కున్నారు.

మాఘం వెళ్లి ఫాల్గుణం వచ్చాక మేకలు ఈనడం మొదలైంది. అప్పుడు కబురొచ్చింది, తల్లి మేకలు పిల్లల్ని దగ్గరికి రానివ్వడం లేదని.

నేను వెంటనే నమ్మలేదు. పిల్లలు చస్తే పరిహారం వస్తుందని ఎవరో చెప్పి ఉంటారని అనుమానించాను. ఊరివాళ్ల అనుమానం వేరు. డాక్టర్లు మేకల్ని కాపాడారు గానీ వాటి లోపలున్న తల్లిని తీసేశారని వాళ్లు అంటున్నారు. పరిశోధనశాలది ఇంకో అనుమానం. తొలిచూలు మేకలు ఒక్కోసారి అలాగే చేస్తాయి, ఊరివాళ్లు గోరంతను కొండంత చేస్తున్నారు అని. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేదు. నేను జీపెక్కాను.

వెళ్లేసరికి ధనమతి సాలలో మోకాళ్ల మీద ఉంది. మేక అప్పుడే ఈనింది. ధనమతి పిల్లను తలకిందులుగా పట్టుకుని, ముక్కులోని జిగురును నోటితో పీల్చి ఉమ్మేసి, రెండు ముక్కుపుటాల్లోకీ ఊదింది. పిల్ల చీదింది. అది అక్కడ ప్రతి ఆడమనిషికీ వచ్చిన పని. తర్వాత పిల్లను ఆవు దగ్గరికి తీసుకుపోయి, ఆవు ముక్కుకు దాని ముక్కు ఆనించి మూడుసార్లు ఊపిరి పట్టించింది. ఆవు ఊపిరి పట్టిన పిల్లను చిరుతపులి ముట్టదని వాళ్ల నమ్మకం. మా అమ్మ మాకు దిష్టిచుక్క పెట్టేది, ఇదీ అలాంటిదే అనుకున్నాను. అప్పుడు నా అనుమానం ఎక్కడ నిద్రపోయిందో నాకు తెలీదు.

పిల్లను తల్లి ముందు పెట్టింది. మేక వంగి వాసన చూసింది. మళ్లీ చూసింది. తల ఎత్తి నాలుగు దిక్కులా అరిచింది, పిల్ల ఎక్కడని. పిల్ల దాని కాళ్ల మధ్యే ఉంది. పొదుగు వెతుక్కుంటూ వచ్చిన ఆ పిల్లను కుమ్మి అవతల పారేసి, మళ్లీ పిల్ల కోసం అరిచింది. ఇరవై ఏళ్లలో నేను ఎన్నో చావులు చూశాను. ఇంత బాధ ఎప్పుడూ పడలేదు.

ఈనిన గంటలోపు పిల్ల ఒంటిని నాకి, ఆ వాసన పట్టుకుంటేనే మేకకు అది తన బిడ్డ. లేకపోతే ఊరిబిడ్డ. మేకల నుంచి మేకలకు పాకాలని మా మందును మేమే ముక్కులో కాపురం పెట్టించాం. అది వాసన తెలిసే చోటును తినేస్తోంది.

కాత్యాయనిగారికి ఫోను చేశాను. "కొన్ని వారాలు వాసన తగ్గుతుందని తెలుసు. అది పుష్యంలోనే అయిపోవాలి. మేక నుంచి మేకకు ఏడు తలలు ఎప్పుడో దాటిపోయాయి. ఇప్పుడు మందు ఉండకూడదు సింహాచలంగారూ" అన్నారు.

"ఉంది మేడం."

"ఎవరన్నారు?"

ఎవరన్నారంటే, గురుబారి అంది. సాల గుమ్మంలో కూర్చుని నాకు ఇలా చెప్పింది. "మందు కొట్టిన రోజున ఆ ముప్ఫై మేకలూ తడిసిన బూడిద వాసనేసినాయి బావూ. ఘాటుగ. ఆటి నుంచి అంటుకున్నయ్యి ఇంకాస్త తక్కువ. అలా తగ్గి తగ్గి పుస్సెమాసానికి పోనాది. నాను లెక్కెట్టినాను, ఏడు రకాల ఘాటు. సదువుకున్నమ్మ నిజమే సెప్పినాదనుకున్నాను. ఇప్పుడు మల్లీ మొదటి ఘాటు వొత్తంది. ఎక్కడ మొదలయినాదో తెలుసా? ఆవుల కాడ. ఆవు ఊపిరి పట్టిన పిల్లల కాడ. మీ నూలుపోగుకి ఆవు మల్లీ ముడులేసేత్తంది."

పరిశోధనశాలలో కాత్యాయనిగారు మేకల్ని తెల్లటి గదుల్లో, ఒక్కో గదిలో ఒక్కో వరసగా పెంచారు. ఆ గదుల్లో ఆవు లేదు. కొండ మీద ఆవు లేని మేక లేదు.

నేను నమ్మానా? నా పేరు సింహాచలం. పరీక్ష పెట్టాను. పరిశోధనశాల నుంచి ఎనిమిది గుడ్డముక్కలు తెప్పించాను, వాటితో కాత్యాయనిగారూ కొండెక్కి వచ్చారు. మొదటి మేక నుంచి ఏడో మేక దాకా ఒక్కోదాని ముక్కు తుడిచినవి ఏడు, మందు తగలని మేకది ఒకటి. మూతబిగించిన ఎనిమిది సీసాలు. అంకెలు కాత్యాయనిగారి దగ్గర కాగితంలో ఉన్నాయి, నాకూ తెలియవు. గురుబారి ఒక్కో సీసా మూత తీసి, ముక్కు దగ్గర ఒక క్షణం పెట్టుకుని, నేల మీద వరసగా పేర్చింది. రెండింటి దగ్గర ఆగి తారుమారు చేసింది. ఎనిమిదో సీసాను అవతల పెట్టి, "ఇది ఒట్టి మేక" అంది.

కాత్యాయనిగారు కాగితం విప్పారు. చూశారు. మడిచి పర్సులో పెట్టుకున్నారు. ఆవిడ మొహం చూస్తే వరస సరిపోయిందని నాకు అర్థమైంది.

నేను జేబులోంచి తొమ్మిదో సీసా తీశాను. ఆ పొద్దున ధనమతి వాళ్ల ఆవు ముక్కు తుడిచిన గుడ్డ. గురుబారి మూత తీసీ తీయకముందే దాన్ని తీసుకెళ్లి వరసలో మొదటి సీసా పక్కన పెట్టింది.

"ముక్కును సాక్ష్యంగా పెట్టి నేను పైకి ఏం రాయను? పరీక్ష చెయ్యాలంటే పన్నెండు రోజులు" అన్నారు కాత్యాయనిగారు.

పన్నెండు రోజులు లేవు. చైత్రంలో కొండవాళ్లు చేసుకునే ఇటుకల పండగకు ముందు జరిగే గుమ్మలపాడు సంతకు ఇంకా నాలుగు రోజులే. పండగకు ప్రతి కొండా మేకను కొంటుంది. నలభై ఊళ్ల మేకలు అక్కడ ఒకచోట ఊపిరి పీల్చి నలభై ఊళ్లకూ వెళతాయి. అక్కడ ప్రతి ఊళ్లోనూ ఆవులున్నాయి. ఒక్క ఘాటు మేక సంతకు దిగినా, ఇక ఏ కొండ మీదా తల్లి మేక పిల్లను పోల్చుకోదు. సంత ఆపించడానికి కాగితం కావాలి, కాగితానికి పన్నెండు రోజులు కావాలి. ఊరు మొత్తం మేకల్ని ఆపండంటే ఊరు ఒప్పుకోదు. మా మాటను ఇప్పటికే ఒకసారి నమ్మి చెడిపోయారు. ఏవి ఆపాలో చెబితే ఆపుతామన్నారు. అది చెప్పగలిగిన ముక్కు ఒక్కటే ఉంది.

"నాను సూత్తాను. ఒక్క పొద్దు సాలు" అంది గురుబారి.

మర్నాడు పొద్దున్నే అంబలి తాగమని ధనమతి నన్ను పిలిచింది. రాగి అంబలి మాడి కుండ అడుగున నల్లగా అంటుకుపోయింది. వాకిలి దాటకముందే నాకు ఆ కంపు కొట్టింది. ధనమతి దాని పక్కనే కూర్చుని బిడ్డకు తల దువ్వుతోంది. నన్ను చూసి తాగమని మాడిన అంబలే పోసింది.

"మాడింది కదమ్మా" అన్నాను.

"మాడినాదా?" అంది. వంగి వాసన చూసింది. మళ్లీ చూసింది. "నాకు తెలీనేదు. రొంపట్టినాది బావూ. తొమ్మిది రోజులయినాది, ముక్కుకేటీ అందట్నేదు."

ఆమె ముక్కు కారడం లేదు. గొంతు మూసుకుపోలేదు. అంతకుముందు ఎన్ని పిల్లల ముక్కుల్లో ఊదావని అడిగాను. పదో పదకొండో అంది.

ఆ మందు మనుషులకు అంటదని పరిశోధనశాల ధ్రువపత్రం ఇచ్చింది. మనుషులు మేకపిల్ల ముక్కును నోటితో పీలుస్తారని ఆ పత్రం రాసినవాళ్లకు తెలీదు. నాకు తెలుసు. నేను ఆ క్షణంలో మొత్తం చూశాను. అంబలి కుండ ముందు వంగి రెండోసారి వాసన చూసిన ధనమతి, ఆ మేక వంగినట్టే వంగింది. ఈ రోజు గురుబారి రెండు వందల మేకల ముక్కులకు ముక్కు ఆనించబోతోంది. కళ్లు లేని మనిషి. ఆ ముక్కు పోతే ఆవిడకు కోడలు లేదు, మనవరాలు లేదు, ఊరు లేదు.

బయటికి వచ్చాను. గురుబారి అప్పటికే సాల ముందు కూర్చుని ఉంది. తల దువ్వించుకుని, పండగ చీర కట్టుకుంది. ముసలితనంలో తనకు ఒక పనిబడిందని ఆవిడ మొహంలో వెలుగు.

"లవంగం బావూ, ఇయ్యాల రెండు లవంగాలెట్టినావేటి? బయపడతన్నావా?" అంది నవ్వుతూ.

నోటిదాకా వచ్చింది. చెబితే ఆవిడ మానేస్తుందేమో. మానేస్తే సంత. మాస్కు కడదామంటే వాసన అందదు. ఒక్క ధనమతిని చూసి అనుకోవడమేమిటి, నిజంగా రొంపేనేమో. ఇన్నేళ్లలో ఎవరి మాటనూ నమ్మనివాణ్ని ఆ పొద్దున మాత్రం రొంపను నమ్మాను. కాత్యాయనిగారికి కూడా చెప్పలేదు. చెబితే ఆవిడ ఆపేస్తారని నాకు తెలుసు.

"భయమేముందమ్మా. మొదలుపెడదాం" అన్నాను.

మేకలు రెండు వందల పద్నాలుగు, ఆవులు అరవై ఒకటి. ఒక్కోదాన్ని ఇంటివాళ్లు పట్టుకొస్తే, గురుబారి దాని దవడ కింద చెయ్యి వేసి, ముక్కుకు ముక్కు ఆనించి, అది వదిలిన ఊపిరిని తను పీల్చేది. "ఒట్టి మేక" అంటే పంపేసేవాళ్లు. "సున్నం" అంటే కొమ్ములకు సున్నం పూసి పై దొడ్డికి తోలేవాళ్లు. మధ్యాహ్నానికి వంద దాటాయి. కాత్యాయనిగారు నీళ్లిస్తే తాగింది గానీ లేవలేదు. ఆవుల్లో తొమ్మిదింటికి సున్నం పడింది. మూడు గంటలకు ఆవిడ వేగం తగ్గింది. ఒక్కోదాన్ని రెండుసార్లు పీలుస్తోంది. నాలుగు గంటలకు మూడుసార్లు.

ఆఖర్న పన్నెండు మేకలున్నాయి. మొదటిదాన్ని పట్టుకుని చాలాసేపు ఉండిపోయింది. తర్వాత వదిలేసి, మెల్లగా, "సున్నం" అంది. రెండోదాన్ని ముట్టుకుని, "సున్నం". అలా పన్నెండింటికీ సున్నమే.

"అన్నీనా?" అని వాటివాళ్లు గొడవకు దిగారు. సంతకని మేపుకున్న పోతులు అవి.

"అన్నీ. నాను సెప్పినాను కదా" అంది.

లేవబోయి, చెయ్యి చాపి గాల్లో వెతికింది. "లవంగం బావూ, ఎల్లిపోనావేటి?"

నేను ఆవిడకు మూరెడు దూరంలో ఉన్నాను. బుగ్గన రెండు లవంగాలున్నాయి. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ధనమతి వచ్చి అత్త చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

సంత బాగా జరిగింది. సున్నం కొమ్ముల మేకలు మాత్రం పై దొడ్డిలోనే ఉండిపోయాయి. వాటికీ, ఆ తొమ్మిది ఆవులకూ ఊరివాళ్లు వంతులు వేసుకుని విడిగా మేత మోశారు. ఆ రోజే ప్రతి ముక్కూ తుడిచి పంపిన గుడ్డల పరీక్షల కాగితం పన్నెండు రోజుల తర్వాత వచ్చింది. కాత్యాయనిగారు నన్ను గదిలోకి పిలిచి బల్ల మీద పెట్టారు. సున్నం పూసినవి ముప్ఫై అయిదు మేకలు. మొదటి ఇరవై మూడింటిలో మందు ఉంది. ఆవుల్లో తొమ్మిదికి తొమ్మిదీ. సంతకు వెళ్లిన వాటి గుడ్డల్లో ఒక్కదానిలోనూ లేదు.

"చివరి పన్నెండు చూడండి" అన్నారు.

చివరి పన్నెండూ శుభ్రంగా ఉన్నాయి. ఒక్కదానికీ మందు తగల్లేదు.

"అంత ముక్కు చివర్లో వరసగా పన్నెండుసార్లు ఎలా తప్పింది?" అన్నారావిడ. అర్థం కాక అడిగారు.

నాకు అర్థమైంది. తప్పలేదు. మొదటి పోతు దగ్గర ఆవిడకు వాసన అందలేదు. అందలేదని చెబితే ఎవరూ ఆగరు, ఒట్టి మేకలే అని సంతకు తోలేస్తారు. తెలియనప్పుడు ఆపడమే మేలనుకుంది. తన ముక్కు పోతోందని తెలిసి కూడా ఆ మాట మింగి, ఊరికి ఏది మంచిదో అది చేసింది. నేనూ ఆ రోజు ఒక మాట మింగాను. రెండూ మింగడమే. ఆవిడ తన నష్టాన్ని మింగింది, నేను ఆవిడ నష్టాన్ని మింగాను.

ఆ సాయంత్రమే కాత్యాయనిగారికి ఉన్నదంతా చెప్పేశాను. ఆవిడ అరవలేదు. "నాతో చెప్పి ఉంటే ఏం చేసేదాన్నో నాకూ తెలీదు. ఆ అవకాశం మీరు నాకు ఇవ్వలేదు" అన్నారు. మర్నాటి నుంచి ఆ మందు తయారీ ఆపించారు. పన్నెండేళ్ల పని నిండిన సీసాలను మరిగే నీళ్లలో తనే వేశారని తర్వాత విన్నాను. సున్నం కొమ్ముల మేకల్లో ఆవు లేకుండా ఏడు తలలు దాటాక మందు నిజంగానే ఆగింది. మేకలకు వాసన తిరిగి వచ్చింది. ధనమతికి జ్యేష్ఠంలో వచ్చింది. డెబ్భై దాటిన గురుబారికి రాలేదు. ముక్కు డాక్టరు చూసి, ఈ వయసులో వాసన నరం ఇక మొలవదు అన్నాడు.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం నేరేడుపుట్టు వెళ్లాను. చెప్పి వద్దామని వెళ్లాను. తిడితే పడదామని, కొడితే కొట్టించుకుందామని. లవంగం పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో నాకే తెలీదు, పన్ను వైశాఖంలోనే పీకించేశాను.

గురుబారి అరుగు మీద ఉంది. పక్కన మనవరాలు ఆడుకుంటోంది. పిల్ల కాలికి కొత్తగా గజ్జె కట్టారు. అది మోగినప్పుడల్లా ముసలావిడ తల అటు తిప్పుతోంది. ఒకసారి పిల్లను దగ్గరికి లాక్కుని, నడినెత్తిన ముక్కు పెట్టి గట్టిగా పీల్చింది. మళ్లీ పీల్చింది. తర్వాత చేత్తో జుట్టు తడిమి, చెవి తడిమి, వదిలేసింది.

నేను గుమ్మం దగ్గర ఆగాను. ఇదివరకైతే ఈపాటికి పీట వేయించేది. ఇప్పుడు ముఖం తిప్పనైనా తిప్పలేదు. నాకు తుమ్మొస్తే బావుణ్ను, దగ్గొస్తే బావుణ్ను అనుకున్నాను. చివరికి పిలిచాను.

"అమ్మా, నేను."

"ఎవులు?"

"సింహాచలాన్ని. లవంగం బావుని."

ఆవిడ నా వైపు తిరిగింది. రమ్మని చెయ్యి ఊపింది. వెళ్లి కింద కూర్చున్నాను. నా తలను రెండు చేతులతో పట్టుకుని, మేకల్ని పట్టుకున్నట్టే దవడ కింద చెయ్యి వేసి, ముక్కు నా మొహానికి దగ్గరగా తెచ్చి ఊపిరి పీల్చింది. నేను నోరు తెరిచి లవంగం ఊపిరి వదిలాను. ఆవిడ ఇంకోసారి పీల్చింది.

"అమ్మా, ఆ రోజు పొద్దున్న నాకు తెలుసు. ధనమతిని చూశాను. నీకు చెప్పలేదు. నీ ముక్కు పోతుందని నాకు..."

"గొంతు ఆయనిదే" అంది గురుబారి, నాతో కాదు, మనవరాలితో. "అచ్చం ఆయనిదే. ఆ బావు మంచోడు గుంటా. ప్రెతీదీ అనుమానమే ఆయనికి. నా మీదికి అంత కట్టం వొత్తే, ముందు ఆయనికే అనుమానం వొచ్చును. వొచ్చిందంటే నాకు సెప్పును."

నా దవడ కింది చెయ్యి తీసేసింది. రెండు అరచేతులు నా భుజాల మీద ఆనించి నన్ను మెల్లగా వెనక్కి నెట్టింది.

"నువ్వు కాదు బావూ" అంది. "ఎవులో గొంతెట్టుకుని వొచ్చినావు. ఎల్లిపో."